పక్క కుర్చీలో రాసినవి

మా ఆఫీసులో మా అక్క భర్తని అందరూ బావ అనే పిలుస్తారు. తప్పు నాదే. చేరిన మొదటి వారంలో సార్ అనాల్సిన చోట నోరు జారి, "బావా, ఇది చూడు" అని అంతస్తంతా వినేట్టు అరిచాను. మర్నాటి నుంచి టెస్టింగ్ వాళ్లు, గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు, చివరికి మీసాలు నెరిసిన మేనేజరు కూడా బావ అనడం మొదలుపెట్టారు. ఆయనకేమో మహా సంబరం. "ఒక్క మరదల్ని తెచ్చుకుంటే ఇంతమందికి బావనయ్యాను" అని క్యాంటీన్‌లో చెప్పుకుని తిరిగేవాడు.

బావ మహానుభావుడని చెప్పబోవడం లేదు. అక్కని అడిగితే లోపాల చిట్టా విప్పుతుంది. ఆలస్యంగా వస్తాడు. తనకిచ్చిన పని రేపటికి నెడతాడు. మీటింగుల్లో జోకులేసి పెద్దవాళ్లకి కోపం తెప్పిస్తాడు. పైగా ఒక రోగం ఉంది. ఎవరైనా తెర ముందు తల పట్టుకుని కూర్చుంటే ఊరుకోలేడు. కుర్చీ దొర్లించుకుంటూ వెళ్లి పక్కన చేరి, "జరుగు, జరుగు" అంటూ వాళ్ల కీబోర్డు లాక్కుంటాడు. చిక్కు విప్పుతాడు, లేచిపోతాడు. వాళ్ల మెషీన్ మీద చేసిన పని కాబట్టి అది వాళ్ల పేరుతోనే నమోదవుతుంది. పేరు మార్చడానికి అరనిమిషం చాలు. ఆ అరనిమిషం ఓపిక ఆయనకి ఎన్నడూ లేదు. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అనేది అక్క.

నా పని సర్వర్. కంపెనీలో ఎవరు ఏ ప్రోగ్రాం రాసినా, ఉన్నదాన్ని మార్చినా, ఆ మార్పు మా సర్వర్‌లో ఒక కమిట్‌గా చేరుతుంది. ఎవరు చేశారో, ఎందుకు చేశారో అందులో రాసి ఉంటుంది. ప్రతి కమిట్‌కీ తన తల్లి ఎవరో, అంటే తను ఏ మార్పు మీద పుట్టిందో, తెలుసు. రెండు దారుల్లో సాగిన పని కలిసిన చోట పుట్టినదానికి ఇద్దరు తల్లులు. కానీ తన పిల్లలెవరో ఏ తల్లికీ తెలియదు. అందుకని, కస్టమర్లకి పంపిన ప్రోగ్రాం చూపించి "ఫలానా రిపేరు ఈ విడుదలలో ఉందా?" అని అడిగితే, సర్వర్ చివరి బిడ్డ దగ్గర మొదలుపెట్టి తల్లిని, అమ్మమ్మని, ఆమె తల్లిని ఒక్కొక్కరినే లేపి అడుగుతూ వెనక్కి నడవాలి. కంపెనీ చిన్నదిగా ఉన్నంతకాలం ఇది సరిపోయింది. పెద్దదయ్యాక, ఒక ప్రశ్న వేసి టీ తాగి, నలుగురి మీద చాడీలు చెప్పుకుని వచ్చినా జవాబు ఉండేది కాదు. జనం సర్వర్ని తిట్టడం మానేసి నన్ను తిట్టడం మొదలుపెట్టారు.

దీనికి ఇండెక్స్ కట్టే పని నాకిచ్చారు. అంటే మొత్తం వంశవృక్షాన్ని ముందే ఒక పట్టికలో పేర్చి పెట్టుకోవాలి, అడిగినప్పుడు నడవకుండా పట్టిక చూసి చెప్పాలి. రోజూ వచ్చి పడే కొత్త కమిట్ల కోసం పట్టికంతా మళ్లీ రాస్తూ కూర్చుంటే సర్వర్‌కి ఆ పనే సరిపోతుంది. కాబట్టి కొత్తవాటిని పల్చటి పొరలుగా పైన చేర్చి, పొరలు ఎక్కువైనప్పుడు కలిపి ఒకటి చేయాలి. అంతవరకు నా బుర్రలోంచి వచ్చిందే, ఎవరి దయా లేదు.

ఎటొచ్చీ, ఎంత వెనక్కి చూసి ఆగాలన్న దగ్గర దెబ్బతిన్నాను. కమిట్ మీది తేదీని నమ్మాను. వెతుకుతున్నదాని కన్నా పాత తేదీ కనిపిస్తే అక్కడ ఆగిపోవచ్చు కదా అనుకున్నాను. పరీక్షల్లో జవాబులు తప్పుతున్నాయి, ఎందుకో అంతుపట్టదు. తల గోడకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. అప్పుడు పక్కకి కుర్చీ దొర్లుకుంటూ వచ్చింది.

"ఏంటి మరదలా, ముఖం అలా మాడింది?"

"పో బావా, నాకు తిక్కగా ఉంది."

"జరుగు, జరుగు." తెర మీదికి వంగి చూసి పడీ పడీ నవ్వాడు. "చూశావా, ఈ బిడ్డ తల్లికన్నా ముందు పుట్టింది! వీడెవడో గడియారం సరిగ్గా లేని మెషీన్ మీద పనిచేశాడు. తేదీల్ని నమ్మితే కొంప మునుగుతుంది. తల్లిని నమ్ము. తల్లి లేనిది ఒకటో తరం. ఎవరికైనా తల్లి తరం మీద ఒకటి కలుపు. ఇద్దరు తల్లులుంటే పెద్ద తరం మీద కలుపు. తరం తక్కువది ఎక్కువదానికి సంతానం అయ్యే వీల్లేదు కదా? అక్కడ ఆగిపో."

నా కీబోర్డు మీదే రాసి, అన్నం తినడానికి వెళ్లిపోయాడు. ఇండెక్స్ మొత్తానికి గుండెకాయ ఆ ముక్క. కింద నా పేరు పడింది. నాకూ పట్టలేదు. మా అంతస్తులో అదే అలవాటు, ఎవరూ దాన్ని ఒక విషయంగా చూసేవారు కాదు.

ఇండెక్స్ పనిచేయడం మొదలయ్యాక జవాబులు రెప్పపాటులో వచ్చాయి. డైరెక్టర్ అందరి ముందు నన్ను నిలబెట్టి, "ఇది తప్పు చెప్పే అవకాశం ఏమైనా ఉందా?" అని అడిగాడు.

"లేదు సార్. ఇది తప్పు చెప్పదు," అన్నాను. గర్వంతో నా మెడ నిటారుగా ఉంది. బావ వెనక వరసలో నిలబడి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

కొన్ని వారాలకి డైరెక్టర్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఇప్పటిదాకా వచ్చిన విడుదలల్లో ఎవరెవరి పని ఎంత చేరిందో మనిషివారీగా తీసి పెట్టమన్నాడు. ఇదివరకైతే ఇలాంటి ప్రశ్నకి సర్వర్ చచ్చి ఊరుకునేది, అందుకే ఎవరూ అడగలేదు. మెచ్చుకోవడానికేమో అనుకుని, అక్కడే కూర్చుని తీసిచ్చాను. ఆయన కాగితం అచ్చు తీసుకుని, అడుగున ఉన్న పేర్ల పైన పెన్నుతో ఒక గీత గీశాడు.

"ఈ కిందివాళ్లతో మాట్లాడమని హెచ్ఆర్‌కి చెప్పాలి. పైనుంచి మనుషుల్ని తగ్గించమంటున్నారు."

గీత కింద మొట్టమొదటి పేరు బావది.

"సార్, ఇది తప్పు."

"ఇండెక్స్ తప్పు చెబుతోందా?"

"ఇండెక్స్ తప్పు కాదు సార్. ఆయన పని మా అందరి పేర్ల కింద ఉంది. ఈ ఇండెక్స్‌లో తరాల లెక్క ఆయన ఆలోచనే. ఆ ముక్క నా పక్కన కూర్చుని ఆయనే రాశాడు."

"దాని మీద పేరెవరిది?"

"నాది."

"ఆయన మీకేమవుతారు?"

ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో అర్థమైంది, కానీ అబద్ధం చెప్పలేను కదా. "మా అక్క భర్త," అన్నాను.

డైరెక్టర్ నవ్వాడు. నన్ను తిట్టినా అంత మండేది కాదు. "చూడండి, మీ బాధ నాకు తెలుసు. కానీ బంధువు కోసం మీ సొంత పనిని వదులుకోకండి. ఇంకెవరైనా చెబితే వింటాను."

సరే, ఇంకెవరైనా చెబుతారు. అందరికీ బావే కదా! బయటికొచ్చి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాను. టెస్టింగ్ పిల్ల పని సగం బావ చేతుల మీదుగా నడిచిందే. ఆ పిల్ల గీత సంగతి అప్పటికే విని ఉంది. గోళ్లు కొరుక్కుంటూ, "అంటే నా పని నాది కాదని నేనే వెళ్లి చెప్పాలా అక్కా? అప్పుడు నేను గీత కిందికి జారితే?" అంది. నెట్‌వర్క్ అతను, "నిజమే, ఏదో కొంచెం సాయం చేశాడు," అన్నాడు. కొంచెమట! బావ లేకపోతే ఆ మనిషి ఏనాడో ఇంట్లో కూర్చునేవాడు. మీసాల మేనేజరు, "బావ మంచోడమ్మా, నాకు చాలా బాధగా ఉంది," అని ఫోన్ చెవిన పెట్టుకున్నాడు. ఫోన్ మోగనే లేదు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ సోకు చేసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను, నా లెక్క అందరికన్నా పైన ఉంది.

ఆ సాయంత్రం నేనే అక్క వాళ్లింటికి వెళ్లి చెప్పాను. బావ సోఫాలో వెనక్కి వాలి, "నా పేరు మీద ఉన్న ఆ కాసిని ఏవి?" అని అడిగాడు.

"క్యాంటీన్ పేజీలో అచ్చుతప్పులు దిద్దినవి."

"అవి మాత్రం నేను సొంతంగా చేశాను," అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. తర్వాత టీవీ రిమోట్ తీసుకుని, పెట్టకుండా చేతిలోనే తిప్పుతూ కూర్చున్నాడు.

అక్క ఏడవలేదు, అరవలేదు. ఆరేసిన బట్టలు మడతపెడుతూ నా వైపు చూడకుండా అడిగింది. "అది నువ్వు కట్టిందేగా?"

"ఊఁ."

"దానికి ఈయన సాయం చేశాడుగా?"

"ఊఁ."

"బాగుందే. మన వేలితో మన కన్నే పొడిపించారు." మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్లీ మడతపెట్టింది. "నువ్వు తిని వెళ్తావా?"

ఆకలి లేదని చెప్పి వచ్చేశాను.

బావ ఆఖరి రోజు మధ్యాహ్నం సర్వర్ పడిపోయింది. పొరలు కలిపేటప్పుడు పాత పొరని చెరిపేశాం, కానీ ఏ పొర తర్వాత ఏది అని చెప్పే వరస ఇంకా ఆ చెరిపేసినదాన్నే చూపిస్తోంది. ఏమడిగినా జవాబు లేదు, రిపేర్లు తీసుకునే దారి ఒక్కటే తెరిచి ఉంది. అంతస్తంతా పని ఆగిపోయింది. డైరెక్టర్ నా వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు, కాసేపటికి ఫోన్ వచ్చి వెళ్లాడు. నేను తల పట్టుకున్నాను. తన వస్తువులు అట్టపెట్టెలో సర్దుకుంటున్న బావ తల ఎత్తి చూశాడు. పెట్టె వదిలేశాడు. కుర్చీ దొర్లింది.

"వద్దు బావా," అన్నాను. "వాళ్ల కోసం నువ్వు చేయొద్దు. తగలడనీ."

"వాళ్ల కోసం ఎవడు చేస్తున్నాడు? జరుగు."

కొత్త పొర కుదురుకున్నాక వరస మార్చాలి, పాత పొరని ఎవరూ చదవడం లేదని తేలాకే చెరపాలి. ఈ పనుల క్రమం తలకిందులైంది, అంతే. రాసేసి లేవబోయాడు. నేను చెయ్యి పట్టి ఆపాను.

"కూర్చో. ఈసారి నీ పేరుతో వెళ్తుంది."

ఆ అరనిమిషం నేనే తీసుకున్నాను. ఆయన పేరు, ఆయన ఆఫీసు ఈమెయిలు అక్షరం అక్షరం టైపు చేసి పంపాను. సర్వర్ వెనక్కి కొట్టింది. ఎర్ర అక్షరాల్లో ఒకే వాక్యం. బావ దాన్ని పైకి చదివాడు.

"ఈ పేరుతో ఉద్యోగి లేరు."

హెచ్ఆర్ వాళ్లు పొద్దున్నే ఆయన పేరు తీసేసినట్టున్నారు. పేరు లేనివాళ్ల పని సర్వర్ తీసుకోదు. ఆ నియమం పెట్టింది కూడా మా టీమే.

"పోనీలేవే, నీ పేరుతో వెయ్యి," అన్నాడు బావ. "జనం ఆగిపోయి ఉన్నారు."

చుట్టూ చూశాను. టెస్టింగ్ పిల్ల, నెట్‌వర్క్ అతను, మీసాల మేనేజరు, అందరూ ఎవరి తెర వైపు వాళ్లు చూస్తున్నారు. సర్వర్ ఎప్పుడు లేస్తుందా అన్నదే వాళ్ల గొడవ. ఏడుపుని, కోపాన్ని కలిపి మింగి, ఆయన పేరు చెరిపి నా పేరు పెట్టి పంపాను. సర్వర్ లేచింది. బావ పెట్టె చంకన పెట్టుకుని, గేటు దగ్గర గార్డుతో ఏదో జోకేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం డైరెక్టర్ నన్ను అభినందిస్తూ అందరికీ మెయిల్ పెట్టాడు. ఆ రిపేరు ఎవరిదని ఇప్పుడు ఎవరడిగినా ఇండెక్స్ రెప్పపాటులో నా పేరు చెబుతుంది.