మోకాళ్ల మీది మనిషి

గల్ఫ్‌కు కూలికొచ్చిన భీమన్న నిజ్వా సైట్ నుంచి పొద్దున్నే బస్సెక్కి అజైబా ఆఫీసుకు వచ్చాడు. అర్బాబ్‌ను, అంటే కంపెనీ యజమానిని, ఇంటికి పోవడానికి సెలవు అడగాలి. భార్య లస్మవ్వ కామెర్లు ముదిరి కరీంనగర్ దవాఖానాలో ఉంది. పిల్లల్లేరు. ఆమెకు ఇతను, ఇతనికి ఆమె. బతికుండగా ఒకసారి చూడాలి, అంతే. పాస్‌పోర్టు మాత్రం కంపెనీ బీరువాలో ఉంది. ఎవడిది వాడి జేబులో ఎందుకు లేదని అడిగే నోరు సైట్‌లో ఒక్కడికీ లేదు.

హైదరాబాద్ షరీఫ్ ఆఫీసు పనులు చూస్తాడు. "కూసో భీమన్నా, అర్బాబ్ ఫోన్‌లున్నడు" అని గది బయట కుర్చీ చూపించాడు.

ఎదురుగోడ మీద నల్లగీతల బొమ్మ ఉంది.

"ఏంది భాయ్, అందరు గొర్రెబొచ్చు నెత్తిన కట్టుకున్నరు?"

"యూరప్ రాజు దర్బార్ అది. మూడొందల ఏండ్ల కింద రాగిరేకు మీద గీకి అచ్చేసిన్రట. అర్బాబ్‌కు దోస్త్ ఇచ్చిండు. ఆ బొచ్చు నీకైతే మంచిగుంటది, బట్టతల దాగుతది."

ఆ వారంలో భీమన్న నవ్వింది అప్పుడే. షరీఫ్ లోపలికి పోయాక మళ్లీ బొమ్మ వైపు చూశాడు. ఎత్తు గద్దె మీద రాజు, పైన గుడారంలాంటి తెర, రెండు పక్కలా బల్లేలు, జరీ బట్టలు. నడుమ ఒకడు టోపీ నేల మీద పెట్టి మోకాళ్ల మీద ఉన్నాడు. రాజు అంగీకి వెయ్యి గీతలు గీసిన చేతికి, వాడి ముఖానికి ఒక్క గీత దొరకలేదు. వీపే గీశాడు.

ఆ వీపును భీమన్న గుర్తుపట్టాడు. చిన్నప్పుడు దొర గడీ ముందు తండ్రి వీపు అలాగే కనబడేది. ఏ దేశమైనా అడిగే తీరు ఇదే కాబోలు అనుకున్నాడు. ఇక్కడి మర్యాద కాకపోతే గోడకెందుకు పెడతారు?

పిలుపు వచ్చింది. చెప్పులు బయట విడిచి లోపలికి పోయి, నిలువునా పడి అర్బాబ్ కాళ్లు పట్టుకున్నాడు.

"నీ బాంచన్ అర్బాబ్, నీ కాల్మొక్త! నన్ను ఇంటికి పంపు!"

అర్బాబ్ పామును తొక్కినట్టు వెనక్కి గెంతాడు. "లా! లా! అస్తగ్‌ఫిరుల్లా!" అల్లా ముందు తప్ప ఇంకెవరి ముందూ నేల మీద వాలకూడదు. తన ముందు ఒక మనిషి వాలడం అతనికి పాపం. ముఖం పాలిపోయింది. అరబ్బీలో షరీఫ్‌ను గట్టిగా ఏదో అడిగాడు.

షరీఫ్ భీమన్నను లేపాడు. "ఏం తప్పు జేసినవని అడుగుతున్నడు. తప్పు చెయ్యనోడు ఇట్ల పడడంట. బీవీ బీమార్ అని చెప్పిన, నమ్ముతలేడు. సైట్‌ల కనుక్కోమన్నడు, అప్పటిదాంక పాస్‌పోర్ట్ లేదన్నడు."

"నేనేం జెయ్యలే భాయ్! అడుగుడంటే గిట్లనే గద!"

"నిలబడి సలాం చెప్తే సరిపోతుండె కదరా! ఎవడు నేర్పిండు నీకిది?"

భీమన్న తలుపు అవతలి గోడ వైపు వేలు చూపించాడు.

అర్బాబ్ చెడ్డవాడు కాదు. నిలబడి అడిగితే ఇచ్చేవాడే. ఇంకొక్క మాట గట్టిగా చెప్పడానికి షరీఫ్‌కు నోరు రాలేదు. అతని పాస్‌పోర్టూ ఆ బీరువాలోనే ఉంది.

ఆ రోజు గురువారం. శుక్ర, శనివారాలు సెలవు. కనుక్కునేవాడు లేడు.

శనివారం మధ్యాహ్నం బామ్మర్ది సంజీవ్ నిజ్వా రూమ్‌లో ఉన్న భీమన్నకు వీడియో కాల్ చేసి, ఫోన్ అక్క ముఖం దగ్గర పెట్టాడు. కళ్లు పసుపుముద్దల్లా ఉన్నాయి.

"ఏడున్నవయ్యా?"

"బయల్దేరిన లస్మీ. ఎయిర్‌పోర్టుల ఉన్న."

"ఎనుక మంచాలు కనబడుతున్నయ్‌గా" అంది లస్మవ్వ. కోపం కూడా లేదు ఆ గొంతులో. అదే ఆఖరి మాట.

సాయంత్రం సంజీవ్ మళ్లీ చేశాడు. ఏడుపు తప్ప ఏం వినబడలేదు.

ఆదివారం షరీఫ్ పాస్‌పోర్టు పట్టుకుని నిజ్వా దాకా వచ్చాడు. "అర్బాబ్ మస్తు పరేషాన్ అయితున్నడు. నీ మీద ఏ తప్పు లేదని తెలిసింది. టికెట్ కూడా ఆయనే ఇస్తడంట. లే, పోదాం."

భీమన్న మంచం మీది నుంచి లేవలేదు.

"ఎవలి కాడికి పొమ్మంటవ్ భాయ్?"