నీలం చెప్పుల కారు

పాత కారు విషయానికొస్తే, భూమ్మీద నేను వెతికి పట్టుకోలేని ముక్క లేదు. వారం రోజులు వెతికి నేను పట్టుకొచ్చింది ఒక్క చక్రం మూత. అది మా కారుది కాదు. అసలు ఏ కారుదైనా అవునో కాదో తేలలేదు. ప్రస్తుతానికి పాలగిన్నె మీద బోర్లిస్తున్నాం.

కారు మా అత్తయ్యది. ముప్పై ఏళ్లు దాంట్లోనే ఊరందరికీ డ్రైవింగ్ నేర్పింది. ఎంత నేర్పినా రాని ఏకైక శిష్యుణ్ణి పెళ్లి చేసుకుంది. ఆయనే మావయ్య. అప్పట్నుంచీ ఆమె పక్క సీటు ఆయనదే. ఇప్పుడు వెన్నుకి ఆపరేషన్ అయి ఆసుపత్రిలో ఉన్నాడు. శనివారం ఇంటికి పంపిస్తారు.

"ఒక్క కుదుపు కూడా తగలకూడదు," అన్నాడు డాక్టరు.

"మా ఆవిడ బండిలో అయితేనే వస్తా," అన్నాడు మావయ్య.

ఆ బండేమో రెండేళ్లుగా ఇటుకల మీద కూర్చుని ఉంది.

చక్రాలు అత్తయ్యకే పాతసామాన్ల కొట్లో దొరికాయి. వెనక స్ప్రింగు పట్టీలను కమ్మరి కాల్చి, వంచి, మళ్లీ విల్లులా చేసిచ్చాడు. ఇక ఆ పట్టీల చివరి కన్నాల్లో కూర్చునే రబ్బరు బుష్షులు కావాలి, బొటనవేలంతవి, నాలుగు. అవి లేకపోతే ఇనుముకి ఇనుము తగులుతుంది, రోడ్డు మీది ప్రతి గుంటా నేరుగా మావయ్య నడుముతో మాట్లాడుతుంది.

ముప్పై ఏడు కొట్లు తిరిగాను. "ఈ బండికా? మా తాత పెళ్లికి అద్దెకి తెచ్చారట," అన్నాడొకడు. ఇంకొకాయన జాలిపడి మంచినీళ్లిచ్చాడు.

గురువారం పొద్దున నాలుగు బుష్షులూ అత్తయ్య చేతిలో పెట్టాను.

"ఎక్కడ దొరికాయిరా?"

"తొంభై ఏళ్ల మెకానిక్కు దగ్గర. దిండు కింద దాచుకున్నాడు. ఇచ్చేటప్పుడు ఏడ్చాడు కూడా."

"చేతికి నలుపంటుతోందేంట్రా?"

"అసలు సరుకు అంతే అత్తయ్యా."

బండిని పరీక్షించడానికి అత్తయ్యకో పద్ధతుంది. స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి పక్క సీటు మీద పెడుతుంది. శిష్యులందరికీ అదే పరీక్ష. చుక్క ఒలికితే మళ్లీ మొదటికి. మావయ్య నేర్చుకునే రోజుల్లో ఆ సీటు మీద చేపలు పెంచొచ్చట.

మొదటి స్పీడ్ బ్రేకర్ దాటాం. చుక్క ఒలకలేదు. రెండోదీ దాటాం. వెనక సీట్లో నేను కాలరెగరేశాను. మూడోదాని మీద కింద కీచుమంది. గ్లాసు బోర్లాపడింది.

అత్తయ్య బండి ఆపి కిందికి దూరింది. పైన నాకు కనబడుతున్నవి ఆమె విడిచిన మావయ్య చెప్పులు. తన నీలం రబ్బరు చెప్పులు మంగళవారం నుంచి కనబడక, వాటితోనే టపటపలాడుతూ తిరుగుతోంది. కుక్క ఎత్తుకుపోయిందని సాక్ష్యం చెప్పింది నేనే.

నలిగిన ముక్కతో బయటికొచ్చింది. బూట్‌పాలిష్ చెరిగిన చోట నీలం. ఆ నీలం మీద సగం తెల్ల పువ్వు.

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఎల్లుండి ఇక్కడ ఆయన కూర్చునేవాడురా," అంది, తడిసిన సీటు కొంగుతో తుడుస్తూ.

"ఎక్కడా దొరకలేదత్తయ్యా. ఆ మాట నీతో చెప్పలేక..."

ఆమె ముక్కని అటూ ఇటూ తిప్పింది. "పాతవి పొడైపోయాయిగా, కొలతెలా తెలిసింది?"

"పెట్టి చూసి, కోసి, మళ్లీ పెట్టి చూసి. పదకొండు సార్లు."

"వెధవ పనే అయినా కొలత కుదిరింది. నలగనివి విప్పు, పద."

లేత్ మిషనాయన ఆ చెప్పు ముక్కల్ని నమూనాగా పెట్టుకుని, గట్టి రబ్బరు కడ్డీలోంచి నాలుగు బుష్షులు తీసిచ్చాడు. నమూనా మీది పువ్వు గురించి ఆయన అడగలేదు, మేం చెప్పలేదు.

శనివారం నీళ్ల గ్లాసు మావయ్యే రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాడు. ఇల్లొచ్చేదాకా ముగ్గురం ఊపిరి బిగబట్టే ఉన్నాం. చుక్క ఒలకలేదు.

"పాసయ్యానా?" అన్నాడు.

"ఇన్నేళ్లకి," అంది అత్తయ్య. అద్దం సర్దింది. అది సరిగ్గానే ఉంది.

దిగబోతూ ఆమె చెప్పుల్లో కాళ్లు దూర్చడం ఆయన చూడనే చూశాడు. "నావేసుకున్నావేం? నీవేవీ?"

"కుక్క ఎత్తుకుపోయింది," అంది అత్తయ్య, కళ్లార్పకుండా.

"మన వీధిలో కుక్కెక్కడిదే?"

అద్దంలోంచి ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"వెనక సీట్లో ఉంది మావయ్యా," అన్నాను. "రెండో చెప్పు కూడా కోసేసింది."