కూర్చుని చూసే అక్క

ఆ ఊరి కుర్చీలు ఓడలెక్కి దూరదేశాలకు వెళ్లడానికి కారణం కొండమీది కలపేనని ఇప్పటికీ చెబుతారు. చెప్పేవాళ్లు ఒక్క సందేహం తీర్చరు. అదే కలప పక్క ఊరికీ దక్కింది. మరి వాళ్ల కుర్చీలు రేవు దాకానైనా ఎందుకు వెళ్లలేదు?

పొద్దున్నే కార్ఖానా తలుపులు తీస్తే రంపపు పొట్టు, వేడి జిగురు కలిసిన వాసన వీధి మలుపు దాకా వచ్చేది. యజమాని చిత్రికలకు పదును పెట్టుకునేవాడు. అతని అక్క, ముందురోజు తయారైన ప్రతి కుర్చీలోనూ కూర్చుని, కళ్లు మూసుకుని, కాస్త అటూ ఇటూ ఊగి లేచేది. ఆమె సరేనన్నాకే పీట కింద కాల్చిన ఇనుప అచ్చుతో ఆ సంవత్సరం అంకె ముద్రవేసేవారు. భర్త పోయాక ఆమెకు మిగిలినవి తమ్ముడింట్లో ఒక గది, ఈ పని.

"ఊరంతా కూర్చుంటే సోమరితనం, మా వదిన కూర్చుంటే ఉద్యోగం," అనేది తమ్ముడి భార్య.

"నిన్నే పెట్టేవాళ్లం. కూర్చున్నాక నువ్వు లేవవని భయం," అనేది అక్క.

అమ్మిన కుర్చీ ఏడాది తిరక్కుండా కిర్రుమంటే, ఆ కుర్చీయే మర్నాడు పొద్దున్నే లేచి, కుంటుకుంటూ తనను చేసిన కార్ఖానాకు వచ్చేది. పాలవాడు సైకిల్ పక్కకు జరిపేవాడు. బడిపిల్లలు దారిచ్చేవారు. "ముందు ఎడమ కాలు, పాపం," అని ఎవరో అనేవారు, అంతే. పక్క ఊళ్లోనూ కుర్చీలు అలాగే తిరిగొచ్చేవి. అక్కడ తలుపులు వేసుకునేవారు. ఇప్పుడు కుర్చీ పాడైతే చెత్తబండి వస్తుంది. ఆ రోజుల్లో వీధికి వీధే చూస్తుండగా అది నడిచి వచ్చేది.

ఒక ఏడు సముద్రం అవతలినుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. ఓడ బయలుదేరే రోజు దగ్గరపడింది. అక్క ఒక కుర్చీలో కూర్చుని వెంటనే లేచింది.

"చల్లగా ఉందిరా. లోపల కర్ర పచ్చి. ఈ వానలు వెళ్లనీ."

"ఓడ ఆగదక్కా."

"కుర్చీ మాత్రం ఆగుతుందా?"

"సముద్రం దాటి కుంటుకుంటూ ఏ కుర్చీ వస్తుంది? నువ్వు కూర్చోబట్టే ఈ ఆలస్యమంతా. రేపటినుంచి ఇంట్లో ఉండు."

అతను అచ్చులు తనే వేయించి కుర్చీలను ఓడ ఎక్కించాడు. ఇంట్లో ఉన్నవన్నీ మంచి కుర్చీలే. కూర్చుని చూడవలసిన పనేమీ లేదు. అక్క కిటికీ దగ్గర నిలబడే ఉండేది.

"కూర్చోండి వదినా," అనేది తమ్ముడి భార్య, ఎగతాళి మానేసి.

"అలవాటు తప్పిందమ్మా."

మరుసటి వేసవిలో ఒక పొద్దున రేవు దారిలో ఒక కుర్చీ వచ్చింది. కాళ్లకు గవ్వలు అతుక్కున్నాయి, వార్నిషు ఉప్పుకు తెల్లబడింది. పాలవాడు సైకిల్ జరిపాడు. అది కార్ఖానా ముందు నిలబడ్డ యజమానిని దాటి, మలుపు తిరిగి, ఇంట్లోకి వెళ్లి అక్క ముందు ఆగింది. వెనకే అతనూ వచ్చాడు.

అక్క కూర్చుంది. కుర్చీ కిర్రుమంది.

"వెనక కుడి కాలు. ఇంకా వస్తున్నాయా?"

"రేవు దాకా వెళ్లి చూశాను. నీళ్లలో కనిపిస్తున్నాయి." అతను గొంతు తగ్గించాడు. "తలుపులు వేసేద్దామా అక్కా?"

"వేస్తే అవెక్కడికి పోతాయిరా?"

అతను వెళ్లి కార్ఖానా తలుపులు రెండూ బార్లా తెరిచాడు.

"రేపటినుంచి నువ్వు మళ్లీ రావాలి," అన్నాడు తిరిగొచ్చి.

"రేపెందుకు?" అని అక్క లేచింది. ఆమె వెనక కుర్చీ కుంటుకుంటూ నడిచింది. ఆరిన కర్రతో అన్నీ మళ్లీ చేశారు. ఆమె కూర్చుని లేచాకే ఒక్కొక్కటీ ఓడెక్కింది.

ఇక కలప సంగతి. కొండమీద చివరి చెట్టును 1957లో కొట్టేశారు. ఆ పైన ఆ ఊరికీ, పక్క ఊరికీ కర్ర ఎక్కడినుంచో ఓడలోనే దిగేది. సముద్రం అవతల ఒక గ్రంథాలయంలో, పాఠకులు రోజూ కూర్చుంటున్నా ఇంతవరకూ కిర్రుమనని ఆ ఊరి కుర్చీ ఒకటి ఉంది. దాని పీట కింది అచ్చు: 1963.