ఆవు తన్నిన చోటు

ఆ పొద్దున కాఫీ పొంగింది. పొంగినందుకు మొగుడు రాత్కో బూటుకాలితో డెసాంకా డొక్కలో తన్నాడు. అత్తగారు రొట్టె కోసుకుంటూనే, మగాడికి రాక గోడకొస్తుందా కోపం అంది. డెసాంకా పొయ్యి తుడవడం పూర్తిచేసి, కిందపడ్డప్పుడు పగిలిన పెదవి కడుక్కుని ఆస్పత్రికి బయల్దేరింది. అక్కడ ఆమె డాక్టరమ్మ. గడ్డలోకి సన్నటి సూది దింపి, వచ్చిన చుక్కను గాజుపలక మీద పరిచి, అది క్యాన్సరో కాదో తేల్చే మనిషి. ఆమె మాట కోసం సర్జన్లు కాచుకుని ఉంటారు. ఇంట్లో మాత్రం ఆమె కాఫీ పొంగనివ్వకూడదు.

బల్ల మీద స్టమేంకా పడుకుని ఉంది. మొరావా నది ఒడ్డున పల్లె, రైతు భార్య. కాలేయంలో కమలాపండంత గడ్డ కనబడిందని పంపారు. పక్కటెముకల మీద చర్మం కమిలి పసుపురంగుకి తిరిగింది. ఏమైందని అడిగితే ఆవు తన్నిందంది. అంటూ తలుపు వైపు చూసింది. తలుపవతల ఆమె మొగుడు ట్రాయ్‌కో, డాక్టరమ్మకి కానుకగా ఇంట్లో కాచిన సారా సీసా చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

సూది దిగేటప్పుడు ఊపిరి బిగపట్టాలని, కదిలితే కాలేయం చీరుకుపోతుందని నర్సు వెరీత్సా చెప్పింది. స్టమేంకా బిగపట్టింది. ఆ ఓర్పు ఎక్కడ నేర్చిందో డెసాంకా అడగక్కర్లేకపోయింది. స్కాన్ తెర చూస్తూ గడ్డ అంచునా, నడుమా గుచ్చింది. సిరంజిలోకి చిక్కగా నల్లటి నెత్తురొచ్చింది. మైక్రోస్కోపు కింద ఎంత వెతికినా క్యాన్సర్ కణం లేదు. మంచి కాలేయ కణాలు, వాటి మధ్య పాత నెత్తురు మింగి తుప్పురంగు తేలిన కణాలు. తన్నగా తన్నగా లోపల గడ్డకట్టిన నెత్తురు అది. డెసాంకాకి ఒళ్ళు మండిపోయింది.

"ఆడమనిషి తట్టుకోలేదు. ముందు నాకు చెప్పండి డాక్టరమ్మా," అన్నాడు ట్రాయ్‌కో, గుమ్మంలో అడ్డుపడి సీసా చాపుతూ.

అక్కడ అదే పద్ధతి. చెడ్డ మాటేదైనా ఇంటి మగాడి చెవిన వేస్తారు, రోగికి చెప్పరు. డెసాంకా కూడా ఏళ్ళ తరబడి అలాగే చేసింది, అందుకు ఇప్పుడు సిగ్గేసింది. అతన్ని తోసుకుని లోపలికెళ్ళింది.

"స్టమేంకా, నీకు క్యాన్సర్ లేదు. ఆవు తన్నలేదని నాకు తెలుసు. ఇంకొక్క దెబ్బ పడితే లోపలే నెత్తురు కారి చచ్చిపోతావు. ఇంటికెళ్తావా, ఇక్కడుంటావా?"

"ఇక్కడుంటాను," అంది స్టమేంకా, మెల్లగా.

సీసా తలుపుకి తగిలి భళ్ళున పగిలింది. ట్రాయ్‌కో గాజుముక్క పట్టుకుని లోపలికి దూకాడు. డెసాంకా ఇనుప స్టూలు ఎత్తి అతని చేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. కాపలావాళ్ళు వచ్చి ఈడ్చుకుపోతుంటే, తన పెళ్ళాన్ని తను తన్నుకుంటే ఈవిడకెందుకని వరండా అంతా అరిచాడు.

స్టమేంకాని వార్డుకి పంపాక డెసాంకా తలుపు వేసి, అదే బల్ల మీద పడుకుని జాకెట్టు పైకి తీసింది. స్కాన్ చెయ్యమంది. వెరీత్సా ఆ వాపు చూసి, ఎప్పుడూ వినే జవాబే తానే అందించింది.

"మళ్ళీ స్నానాల గదిలో జారారా డాక్టరమ్మా?"

"లేదు. మా ఆయన తన్నాడు."