ఆ మధ్యాహ్నపు గాలి

లైబ్రరీ తలుపులు తీయగానే అటెండరమ్మ చేసే మొదటి పని పాత పేపర్ల గదిలో నేల తుడవడం. ముందురోజు ఎవరు ఏ ఏడాది పేపర్లు తిరగేశారో నేలను చూసే చెప్పేసేది. వరదల కాలం నాటివి చదివిన బల్ల కింద నీళ్లు నిలిచేవి. కరువు రోజులవి తెరిచినచోట సన్నటి దుమ్ము పేరుకునేది. కాగితం ముదిరితే అంతే, తనలో రాసి ఉన్న రోజు తాలూకు ఎండో వానో బయటికి వదులుతుంది. కొత్త పేపరుకి ఆ గుణం ఉండదు. అలవాటైన పాఠకులు శాలువా, తువ్వాలు వెంట తెచ్చుకునేవాళ్లు. తెచ్చుకోనివాళ్ల కోసం గుమ్మం పక్కన నాలుగు గొడుగులు ఉండేవి.

చరిత్రలో ఎమ్మే చదువుతున్న ఒకమ్మాయి ఆ గదికి చాలా ఆలస్యంగా వచ్చింది. ఆమె ప్రాజెక్టు, ఎప్పుడో నదిలో మునిగిపోయిన లాంచీ గురించి. ఆ లాంచీ నడిపిన సరంగు ఆమె తాతయ్యే. మునిగినవాళ్లలో ఆయన ఆరేళ్ల కొడుకు కూడా ఉన్నాడు. ఉన్నట్టుండి గాలి లేచిందని ఆయన చెప్పినా నమ్మక, సరంగు నిర్లక్ష్యమే కారణమని విచారణ సంఘం తేల్చింది. జైలు నుంచి వచ్చాక తాతయ్య ఇంటికి రాలేదు, అమ్మమ్మ రమ్మనలేదు. ఆయన టైర్ల దుకాణం పైగదిలో ఉండిపోయాడు. అమ్మమ్మ కూతురి దగ్గర ఉండిపోయింది. అమ్మ ఆదివారాలు వెళ్లి తండ్రిని చూసొచ్చేది గానీ, ఎలా ఉన్నాడని అమ్మమ్మ ఏనాడూ అడగలేదు.

"సొంతింటి చరిత్ర రాస్తే చెయ్యి వణుకుతుందమ్మా, ఇంకేదైనా తీసుకో" అన్నాడు గైడు.

"వణికితే నెమ్మదిగా రాస్తాను సార్" అంది.

మొదట ఆన్‌లైన్‌లో వెతికింది. ఒక ఆర్కైవు సైటులో విచారణ నివేదిక స్కాను దొరికింది. సగం పేజీలు వంకర. పదం కొట్టి వెతికితే ఏదీ దొరకదు. చేసేదిలేక మొదటినుంచీ వరసగా చదువుతూ పోయింది. సాక్షుల మాటల దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఆ మధ్యాహ్నం గాలి లేదు. పెరట్లో ఆరేసిన బట్ట కూడా కదల్లేదు." చెప్పింది ఎవరా అని చూస్తే, సరంగు భార్య.

ప్రమాదం మర్నాటి పేపరు కూడా తెరమీదే దొరికింది. అందులో వార్త ఉంది, ఫొటో ఉంది. కానీ స్కానుకి ఎండా ఉండదు, వానా ఉండదు.

"అసలుది తెరవకుండా ఏం తేలుస్తావు?" అన్నాడు గైడు.

అలా వచ్చింది లైబ్రరీకి. అటెండరమ్మ ఆ ఏడాది పేపర్ల బరువైన బైండు తెచ్చి బల్లమీద పెట్టింది. పేజీ తెరవగానే ముఖానికి వెచ్చటి ఎండ తగిలింది. ఎక్కడా సద్దు లేదు. అమ్మాయి వార్త మీద వేలు పెట్టి చదువుతూ పోయింది. లాంచీ నది మధ్యకి చేరిన వాక్యం దగ్గర ఎడంపక్కనుంచి ఒక్క గాలి లేచింది. పక్క బల్లమీద ముసలాయన రాసుకున్న కాగితాలన్నీ ఎగిరిపోయాయి. ముద్ద మింగేంత సేపు కూడా లేదు, అణిగిపోయింది.

"ఇలాంటివి తెరిచేముందు కాస్త చెప్పాలమ్మా" అంటూ అటెండరమ్మ కాగితాలు ఏరడానికి వంగింది.

ఆ సాయంత్రం అమ్మమ్మ దిండు గలీబు కుట్టుకుంటోంది. మనవరాలు పక్కన కూర్చుంది.

"అమ్మమ్మా, విచారణలో నిన్నూ అడిగారా?"

"అడిగారు. చూసిందే చెప్పాను. బిడ్డ పోయినచోట అబద్ధమెలా ఆడతాను?"

"తాతయ్య గాలి వచ్చిందన్నాడు కదా."

"అన్నారు. మా పెరట్లో ఆకు కదల్లేదు."

"నది మీద వచ్చింది అమ్మమ్మా. ఇవాళ నాకు తగిలింది."

అమ్మమ్మ కుట్టు పూర్తిచేసి, దారం కొరికి, గలీబు మడతపెట్టింది. "రేపు నన్ను తీసుకెళ్తావా?" అంది.

లైబ్రరీలో ఆమెకి చిన్నక్షరాలు ఆనలేదు. మనవరాలు చదివి వినిపించింది. ఎండ తగలగానే "ఇదే ఎండ" అంది అమ్మమ్మ. తర్వాత గాలి వచ్చింది. శాలువా జారిపోయింది, ముడి ఊడి తెల్లజుట్టు ముఖం మీద పడింది. మళ్లీ చదవమంది. మూడోసారి గాలి లేవబోయే వాక్యం మీద అరచెయ్యి అదిమిపెట్టింది. గాలి ఆమె వేళ్ల సందుల్లోంచి వచ్చింది.

"ఇంత గాలికి మనిషేం చేస్తాడు" అంది, ఎవరితోనో అన్నట్టు.

అక్కణ్ణుంచి ఇంటికి వెళ్లలేదు. టైర్ల దుకాణం పక్క మెట్లు ఎక్కింది. తాతయ్య మంచం మీద ఉన్నాడు. ఊపిరి తీసుకోవడమే ఒక పనిగా ఉందాయనకి. ఆమెను చూసి లేవబోయాడు.

"లేవకండి. గాలి వచ్చిందండీ, చూసొచ్చాను."

ఆయన మళ్లీ దిండుకి జారగిలబడ్డాడు. "ఇంటి దగ్గర లేదుగా. నువ్వు చూసింది నువ్వు చెప్పావు. నేనెప్పుడూ తప్పు పట్టలేదు."

"పట్టి ఉంటే బాగుండేది. తిట్టడానికైనా వచ్చేవారు."

కింద ఎవరో టైరు మీద సుత్తితో కొడుతున్నారు. అమ్మమ్మ మంచం పట్టెమీద కూర్చుంది. మనవరాలు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"వాడు... దారిలో ఏం చేశాడు?" అంది అమ్మమ్మ.

కొడుకు చివరి ప్రయాణం గురించి తెలిసినవాడు లోకంలో ఆయనొక్కడే. ఇన్నేళ్లలో అడిగినవాళ్లు లేరు. ఆయన గోడవైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"ఎక్కగానే ఆకలన్నాడు. నువ్వు కట్టిచ్చిన రొట్టె సగం తిని సగం చేపలకి వేశాడు. రేవు వదిలేటప్పుడు గంట తనే కొడతానన్నాడు. ఎత్తుకుని కొట్టించాను. ఒడ్డున మేకలు కనబడితే ఒక్కోదానికీ పేరు పెట్టాడు. బాగా అరిచేదానికి నీ పేరు పెట్టాడు."

అమ్మమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగేసరికి కళ్లు కారుతున్నాయి.

"తర్వాత నది మధ్యకి..."

"అక్కడ ఆపండి" అంది. "మళ్లీ మొదట్నుంచి చెప్పండి."

మనవరాలు ఒక్కతే ఇంటికి వెళ్లింది. తన ప్రాజెక్టులో గాలి గురించి రాసి, కింద పేపరు తేదీ, పేజీ వేసింది. "అనుమానం ఉన్నవాళ్లు వెళ్లి తెరుచుకుంటారులే" అని గైడు సంతకం పెట్టాడు. విచారణ సంఘం తీర్పు మాత్రం మారలేదు. దాన్ని మార్చే అధికారం ఉన్నవాళ్లెవరూ ఇప్పుడు బతికి లేరు.

అమ్మమ్మ ఇక కూతురి ఇంటికి తిరిగి రాలేదు. ఆమె బట్టలు అమ్మే తీసుకెళ్లి ఇచ్చింది. ఆ చలికాలమంతా తాతయ్య రోజూ చెప్పాడు, ఆమె రోజూ విన్నది. ఊపిరి అందని రోజుల్లో ఆయన గంట దగ్గర ఆపేస్తే, మిగిలింది ఆమె అందుకునేది. రొట్టె, గంట, మేకలు, అక్కడితో సరి. ఆయన పోయిన రోజు పొద్దున కూడా లాంచీ నది మధ్యకి చేరలేదు.