కడగని పట్టీలు

ఎండ నడినెత్తిన మాడ్చేస్తోంది. పాత జైలు నడిమి పెరట్లో పెద్దమ్మ మోకాళ్ళ మీద కూర్చుని రాతిపలకలను పీచుతో బరబరా రుద్దుతోంది. పక్కన బకెట్లో నీళ్ళు ఎర్రబడ్డాయి.

"నిన్నెవరు కడగమన్నారు?"

వెనకనుంచి కేక వినపడేసరికి ఆమె ఉలిక్కిపడి తలెత్తింది. ఈ పాత జైలుని మ్యూజియంగా మారుస్తున్న అధికారి. ఆయన ముఖం కూడా బకెట్లో నీళ్ళలాగే ఉంది.

"నెత్తురు సారూ. ఎంతమంది వచ్చే రోజు, ఇలా ఉంటే ఎలాగని..."

"నెత్తురేంటి నీ మొహం! పెయింటర్‌ని పిలిపించి మరీ వేయించాను. జనం దాన్ని చూడ్డానికే టిక్కెట్టు కొనుక్కుని వచ్చేది!"

ఒకప్పుడు ఖైదీల్ని కట్టి కొట్టిన మూడుకాళ్ళ చట్రానికి మేకులు బిగిస్తున్న వడ్రంగి పకపకా నవ్వాడు. "పెద్దమ్మ చేతికి అందితే పొద్దున్నే సూర్యుణ్ణి కూడా మరకనుకుని కడిగిపారేస్తుంది సారూ."

పెద్దమ్మ పీచు పక్కన పెట్టింది. అది రంగేనని వాసనకే తెలిసింది ఆమెకి. తెలిసినా ఎర్ర మరక చూస్తే చెయ్యి ఆగలేదు, నోటికీ నెత్తురనే వచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తల్లో అత్తగారు నేర్పిన మొదటి పని నెత్తురు కడగడమే మరి. వంట కాదు, ముగ్గు కాదు. "చన్నీళ్ళే పొయ్యాలే పిల్లా. వేణ్ణీళ్ళు పోస్తే రాయి తాగేస్తుంది, ఇంక జన్మలో పోదు. దొరగారు వచ్చేలోగా నేల నవ్వుతుండాలి." ఆ ఇంటి ఆడవాళ్ళందరూ ఈ పెరడే ఊడ్చారు. మగవాళ్ళు కొడితే, ఆడవాళ్ళు కడిగారు.

అత్తగారు చదువుకోలేదు గానీ, ఈ జైలు పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆవిడ నాలుక మీద ఉండేవి. ఒకప్పుడు గోడే లేదట. నేరం చేసినవాణ్ణి సంతలో, నాలుగు దారులు కలిసేచోట కట్టేసి కొట్టేవారట. పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని మరీ చూసేవారట జనం. అంతలో ఒక మంచి దొర వచ్చి, ఛీ, ఇదేం పశుత్వం అన్నాడు. అని ఏం చేశాడు? చుట్టూ ఇంత ఎత్తు గోడ కట్టించాడు. కొట్టడం మాత్రం అలాగే ఉంది, కేక బయటికి రావడం మానేసింది. తరవాత ఇంకో దొర వచ్చి, అసలు కొట్టడమే తప్పన్నాడు. ఎద్దుల్ని విప్పి మనుషుల్ని గానుగకు కట్టాడు. ఆ తరవాతివాడు గానుగ కూడా తప్పని, మనిషికో కొట్టు కట్టించి, ఎవరితోనూ మాట్లాడనివ్వకుండా కూర్చోబెట్టాడు. ఒంటరిగా ఉంటే పశ్చాత్తాపం పుడుతుందట. పుట్టిందో లేదో ఎవరు చూశారు! వాళ్ళు గోడలతో మాట్లాడడం, గోడలకు అన్నం తినిపించడం మాత్రం అత్తగారు కళ్ళారా చూసింది.

ఒకడి తరవాత ఒకడు రావడం, పాతవాడు రాక్షసుడు, మనుషుల్ని మనుషుల్లా చూడ్డం మేమే మొదలెట్టామనడం, గోడకు సున్నం కొట్టించడం, కొత్త బోర్డు తగిలించడం. ఎవరు ఏం తప్పన్నా పెరట్లో దెబ్బలు మాత్రం పూర్తిగా ఆగలేదని చెప్పేది అత్తగారు.

ఇప్పుడు జైలు ఊరవతలికి పోయింది. దాన్ని జైలనకూడదు, పరివర్తన నిలయం అనాలి. ముందు పూలతోట, లోపల తెల్ల పలకలు. పెద్దమ్మ కొడుకు అందులోనే ఉన్నాడు. మిల్లులో రాగితీగ దొంగిలించాడని పెట్టారు. తాగే నీళ్ళు కంపు కొడుతున్నాయని లోపల గొడవ చేస్తే, తీసుకెళ్ళి 'ప్రశాంతి గది'లో వేశారు. అప్పట్నుంచి పెద్దమ్మకి వాడి ముఖం చూసే భాగ్యం లేదు. కోడలు చంటిదాన్ని చంకనేసుకుని వెళ్ళడం, "విశ్రాంతిలో ఉన్నాడమ్మా, మళ్ళీ రా" అనిపించుకుని తిరిగిరావడం. ఇదే వరస.

అధికారి కాస్త చల్లబడ్డాడు. మనిషి చెడ్డవాడేం కాదు, గొంతు కూడా వెన్నలా ఉంటుంది. దగ్గరికి వచ్చి, గొంతుక్కూర్చున్నాడు.

"సరే, పోయిన మరకలు పోయాయి. ఇంకోటి చెప్తా విను పెద్దమ్మా. ఇంకాసేపట్లో ప్రారంభోత్సవానికి ప్రభుత్వంలో పెద్దాయన వస్తున్నారు. నువ్వు చిరుగుల బట్టలు కట్టుకుని గేటు బయట కూర్చో. ఆ రోజుల్లో ఖైదీల తల్లులు ఎలా ఏడ్చేవాళ్ళో అలా ఏడవాలి. నాటకాలవాళ్ళని పిలిస్తే తేలిపోతుంది. నీకైతే కొత్తగా నటించే పనే లేదుగా, కొడుకు లోపలే ఉన్నాడు!"

మంచి ఉపాయం తట్టినందుకు ఆయనే ముచ్చటపడి నవ్వుకున్నాడు.

"పెద్దాయన మెచ్చుకుంటే సాయంత్రమే నీ కొడుకుతో ములాఖత్ ఇప్పిస్తా. మాట."

పెద్దమ్మకి ఆ నవ్వు రోతగా తోచింది. కానీ సాయంత్రం అన్న మాట ముందు ఏ రోత నిలుస్తుంది? "ఏడుస్తాను సారూ. ఎంతసేపు ఏడవమంటే అంతసేపు ఏడుస్తాను."

అక్కడే ఒకసారి ఏడిపించి చూశాడాయన. "ఇంకొంచెం గట్టిగా. ఆ, గుండెలు బాదుకో. జుట్టు ముందుకు పడాలి." టిక్కెట్లు ఇచ్చే అమ్మాయిలు ఫోన్లలో తీసుకుని, "భలే ఏడ్చావు పెద్దమ్మా" అన్నారు. పెద్దమ్మ ముక్కు తుడుచుకుంది. వడ్రంగి మాత్రం అటు తిరిగి మేకులు ఏరుకున్నాడు.

అంతలో జీపు వచ్చింది. కొత్త జైలు వార్డరు గోనెసంచి తెచ్చి చట్రం ముందు కుమ్మరించాడు. తోలు పట్టీలు. చట్రానికి ఉన్న పాత పట్టీలు ముట్టుకుంటే ఎండుటాకుల్లా పొడయిపోతున్నాయని, అధికారి ఫోను చేసి తెప్పించాడు.

"అక్కడ కొట్టడం మానేశారుగా, పట్టీలు దేనికన్నా?" అన్నాడు వడ్రంగి.

"కొట్టడానికి కాదయ్యా, మంచానికి. ప్రశాంతి గదిలో గోల చేసేవాడు తల గోడకేసి కొట్టుకుంటే మనకి కాదూ చెడ్డపేరు? పడుకోబెట్టి కట్టేస్తాం. డాక్టరుగారే చెప్పారు. ఒక్క దెబ్బ వెయ్యం తెలుసా! ఆ రోజులు పోయాయి." గర్వంగా చట్రం వైపు చూశాడు వార్డరు. "ఎంత పాపిష్టి మనుషులో, ఇలాంటివాటికి కట్టి కొట్టేవాళ్ళట."

"అబ్బ, కంపు!" అధికారి ముక్కు మూసుకున్నాడు. "పెద్దమ్మా, త్వరగా కడిగెయ్. కార్లు బయల్దేరాయట."

పెద్దమ్మ పట్టీ తీసి కొత్త నీళ్ళలో ముంచింది. నీళ్ళు ముందు గోధుమరంగుకి తిరిగాయి. ఆ తరవాత సన్నగా ఎరుపు. ఇది పెయింటరు పోసిన ఎరుపు కాదు. పట్టీని తిరగేసింది. లోపలి మడతలో తోలుకు అంటుకుని ఇంకేదో ఉంది, పలచగా, ఉడికిన దుంప పొట్టులా. చర్మం. బకిల్ సందులో ముంజేతి వెంట్రుకలు.

ఆమె వార్డరు వైపు తిరిగింది.

"బాబూ, ఆ ప్రశాంతి గదులు ఎన్నున్నాయి?"

"ఎన్నేంటి పెద్దమ్మా, ఒకటే."

"అందులో ఎవరున్నారు?"

వార్డరు చెప్పబోయి, అధికారి ముఖం చూశాడు. ఆ తరవాత పెద్దమ్మ ముఖం చూశాడు. తల్లీకొడుకుల పోలిక అప్పుడు కనిపించినట్టుంది.

"బాగానే ఉన్నాడులే. మొదట్లో అరిచేవాడు గానీ, ఇప్పుడు అసలు అరవడమే లేదు. పొద్దున ఇవి విప్పేసి తెచ్చాం కదా, ఈ పూటంతా హాయిగా ఉంటాడు."

"మళ్ళీ కడతారా?"

"ప్రారంభోత్సవం అవగానే తెచ్చెయ్యమన్నారు."

పెరట్లో సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"ఈ మాటలన్నీ ఇప్పుడెందుకు?" అన్నాడు అధికారి, గొంతులో వెన్న కొంచెం తగ్గి. "సాయంత్రం నువ్వే కళ్ళారా చూస్తావుగా. ముందు ఆ పని కానీ."

"కడగను."

ఆ మాట ఆ ఇంటి ఆడవాళ్ళలో ఎవరి నోటా రాలేదు ఇంతవరకు. అన్నాక పెద్దమ్మకే వింతగా అనిపించింది. పట్టీని బకెట్లోంచి తీసి, అందరికీ కనపడేలా చట్రం మీద వేసింది. చీర కుచ్చెళ్ళు దులుపుకుని గేటు వైపు నడిచింది. ఏడవడానికే వెళుతోందనుకుని అధికారి ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె బయటికి పోలేదు. మూసి ఉన్న, లోపలికి తెరుచుకునే ఆ పెద్ద తలుపుల మధ్య వీపు ఆనించి, నేల మీద చతికిలబడింది.

"అక్కడేంటి? లే! ఏడుస్తానన్నావుగా!"

"మా వాణ్ణి ఇక్కడికి తీసుకురండి. వాడి చేతులు చూశాక ఏడవాలో ఏం చెయ్యాలో నేను చూసుకుంటాను."

"ఇలా మొండికేస్తే ములాఖత్ కాదు, వాడి కబురు కూడా తెలియదు నీకు. ఆలోచించుకో."

పెద్దమ్మ ఆలోచించుకుంది కూడా. కదల్లేదు.

బయట కార్లు ఆగిన చప్పుడు. హారన్ మోగింది. అధికారి చెమటలు తుడుచుకుంటూ వడ్రంగిని, వార్డరుని కేకేశాడు. "చూస్తారేం? పట్టి పక్కకు లాగండి!"

"నాది కొయ్యపని సారూ," అన్నాడు వడ్రంగి, సుత్తి సంచిలో వేసుకుంటూ. "మనుషుల్ని లాగే పని ఈ జైల్లో వేరేవాళ్ళది."

వార్డరు రెండడుగులు వేశాడు. చట్రం మీద వేలాడుతున్న పట్టీలోంచి నీళ్ళు రాతి మీద పడుతున్నాయి. అక్కడే నిలబడిపోయాడు.

హారన్ మళ్ళీ మోగింది. అవతలినుంచి ఎవరో తలుపు తట్టారు, చాలా మర్యాదగా. ఆ తట్టడం పెద్దమ్మ వీపుకి తెలిసింది. ఆమె కాళ్ళు ఇంకాస్త చాపుకుని కూర్చుంది.