ఎడమ చెంప

నారాయణగూడలోని చర్మవైద్యుడి దవాఖానలో వీరరాఘవరావు పొద్దున్నే కల్వంలో గంధకం నూరుతున్నాడు. నడుం వంగింది, గోళ్లు పచ్చబడిపోయాయి. పద్దెనిమిదేళ్లుగా మొటిమలకు ఈయన చేతి లోషనే. రాజమండ్రి నుంచి వచ్చి సంపాదించుకున్నదల్లా "కంపౌండరు గారి చెయ్యి మంచిది" అన్న ఒక్క మాట. ఇప్పుడు దానికీ ఎసరొచ్చింది.

దోమలగూడ బీరమ్మ మొటిమలకని ఏదో ఆకుముద్ద తెస్తోంది. అది నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చాలని డాక్టరు రామచంద్రరావు ఇరవైమంది ఆడపిల్లలకు ఎడమ చెంపకు ముద్ద, కుడి చెంపకు లోషను రాయిస్తున్నాడు. వారంవారం మొటిమలు లెక్కపెట్టి పుస్తకంలో రాయడం వీరరాఘవరావు పని. లోషను చేసేవాడికే లెక్క అప్పగించాడు మహానుభావుడు, ఎంత నమ్మకమో!

ముద్దలో వేప ఉంది, పసుపు ఉంది. మూడోదేమిటో అంతుపట్టదు. అడిగితే ముసలిది బోసినోటితో నవ్వేది. ఆ నవ్వు చూస్తే ఆయనకు ఒళ్లు మండేది.

ఇవాళ ఆఖరి లెక్క. అందరికంటే చివర కుసుమ కూర్చుంది. ఎడమన మూడు, కుడిన తొమ్మిది.

"ఎడమ దిక్కు మంచిగ సాఫైంది గద సార్?" అంది అద్దం చూసుకుంటూ.

వీరరాఘవరావు కలం సిరాలో ముంచాడు. పొద్దుటి నుంచి పంతొమ్మిదిమందికి చేసినట్టే, ఆ పిల్లకూ అంకెలు తారుమారు చేసి రాశాడు.

సిరా ఆరకముందే బీరమ్మ కోడలు ఎంకమ్మ సత్తుగిన్నెతో వచ్చింది.

"అత్త పొద్దుగాల పోయింది సార్. ముద్ద నూరుకుంటనే ఒరిగింది. పాణం పోయేముందు గీ గిన్నె మీకియ్యమన్నది."

"డాక్టరు గారికా?"

"కాదు, మీకే. మూడోది మీ దవాఖాన ముంగలున్న కానుగ ఆకేనంట. కంపౌండరు సారు చెయ్యి మంచిది, ఇగ ఆయననే నూరమను అన్నది."

కానుగ! రోజూ తాను సైకిలు ఆనించే చెట్టు.

"చచ్చి కూడా గెలిచావు కదే ముసలీ!" అనుకున్నాడు. కుళ్లు అణువంతైనా తగ్గలేదు. కళ్లు మాత్రం చెమర్చాయి. పుస్తకం లాక్కుని, ఇరవై పేర్ల ఎదుటా తప్పుడంకెలు కొట్టేసి, అసలువి వేసి, కింద సంతకం పెట్టాడు.

లోషను సీసాల పక్కన సత్తుగిన్నె ఉంది. పచ్చటి ముద్ద మీద, చివరిసారి అదిమిన బీరమ్మ మూడు వేళ్ల గుర్తులు ఇంకా తడిగానే ఉన్నాయి.